చైనా విద్యార్థికి ఇంగ్లీషులో పెద్ద మాటలు నేర్పడం ఎలా?

చైనాలో ఎంబీబీఎస్ చదివే తెలుగు పిల్లలు, అమెరికా యూనివర్సిటీ ల్యాబుల్లో చైనా వాళ్లతో కలిసి పనిచేసేవాళ్లు, ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెప్పే మన టీచర్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వింటారు: "నాకు అడ్వాన్స్‌డ్ వొకాబులరీ రావడం లేదు, కాస్త నేర్పుతారా?" చైనాలో ఇలా భాషలు ఇచ్చిపుచ్చుకునే జోడీని యూబాన్ అంటారు. ఓ గంట మీరు ఇంగ్లీషు చెబుతారు, ఇంకో గంట వాళ్లు మీకు చైనీస్ చెబుతారు. ఒప్పుకున్నవాళ్లలో చాలామంది ఆ రాత్రే నెట్‌లో కష్టమైన పదాల లిస్టు ఒకటి డౌన్‌లోడ్ చేసుకుని, మర్నాడు దాంతోనే మొదలుపెడతారు. దయచేసి ఆ పని చేయకండి. మీ ముందు కూర్చున్న మనిషికి లిస్టుల కొరత లేదు.

చైనాలో 2001 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లీషు మొదలవుతోంది. కాలేజీ ప్రవేశానికి రాసే గావ్‌కావ్ పరీక్షలో ఎక్కువ రాష్ట్రాల్లో ఇంగ్లీషుకు 150 మార్కులు ఉంటాయి. కాలేజీలో చేరాక సీఈటీ-4, ఆ తర్వాత సీఈటీ-6 అనే ఇంగ్లీషు పరీక్షలు రాస్తారు. మొదటిదానికి సుమారు 4,500 మాటలు, రెండోదానికి 6 వేల దాకా కావాలి. వీటి కోసం అక్షరక్రమంలో అచ్చయిన లావుపాటి పదాల పుస్తకాలు బట్టీ పడతారు. ఆ పుస్తకాల మొదటి పేజీలోనే కనిపించే 'అబాండన్' అనే మాట చైనా కాలేజీ పిల్లలకు అంత బాగా తెలియడం అందుకే. అంత కష్టపడినవాళ్లు కూడా ఒక ఈమెయిల్ రాయాల్సి వస్తే ఆగిపోతారు. మాట కనబడితే అర్థం చెప్పగలరు, ఆ మాటను తమ వాక్యంలో పెట్టలేరు. మీరు సాయం చేయాల్సింది అక్కడే.

కింద చెప్పే పద్ధతి సీఈటీ-4 దాటినవాళ్లకు. అంతకంటే కింద ఉన్నవాళ్లకు ఇది భారమవుతుంది.

ఒక చిన్న మాట: చైనీస్ మాటలను తెలుగు లిపిలో దాదాపుగా మాత్రమే రాయగలం, స్వరాలు, అంటే అర్థాన్ని మార్చే గొంతు ఎత్తుపల్లాలు, అసలు చూపలేం. సరైన పలుకుబడి మీ యూబాన్ నోటే వినండి.

ముందు ఎంత తెలుసో చూడండి

పదసంపద మీద పరిశోధన చేసే పాల్ నేషన్, డేవిడ్ బెగ్లర్ తయారుచేసిన వొకాబులరీ సైజ్ టెస్ట్ అనే ఉచిత పరీక్ష ఉంది. అందులో 140 ప్రశ్నలు ఉంటాయి. ఎన్ని సరిగ్గా చెబితే దాన్ని వందతో గుణిస్తే ఎన్ని పదకుటుంబాలు (ఒక మాట, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం) తెలుసో సుమారుగా తేలుతుంది. అర్థాలు చైనీస్‌లో ఇచ్చిన ప్రతి కూడా దొరుకుతుంది, విద్యార్థి చేత అదే రాయించండి. నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం సులభం చేయని మామూలు నవలో, పేపరో పెద్దగా ఇబ్బంది లేకుండా చదవాలంటే 8 నుంచి 9 వేల పదకుటుంబాలు తెలియాలి.

ఇది గుర్తుపట్టడానికి పెట్టిన పరీక్ష మాత్రమే. వెంటనే రెండోది మీరే పెట్టండి. విద్యార్థి "వచ్చు" అన్న మాటల్లోంచి ఇరవై తీసి, ఒక్కోదానితో ఒక వాక్యం రాయమనండి. డిక్షనరీ చూడకూడదు. మొదటి పరీక్షలో బాగా చేసినవాళ్లు కూడా ఇక్కడ సగం దగ్గర ఆగిపోతే కంగారు పడకండి, పడనివ్వకండి. ఏ మాట దగ్గర ఆగారో రాసి పెట్టుకోండి. మీ మొదటి నెల పాఠం ఆ మాటలే. కొత్త మాటలు తర్వాత.

వాళ్ల లిపినే పనిలోకి దించండి

ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, ఎక్కువ సమయం దీనికే ఇవ్వమంటాను. చైనీస్‌కు, ఇంగ్లీషుకు చుట్టరికం లేదు కాబట్టి వాళ్లకు ఏ ఆసరా లేదని చాలామంది అనుకుంటారు. మామూలు మాటల్లో అది నిజమే. కానీ ఇంగ్లీషులో పెద్ద మాటలు చాలావరకు గ్రీకు, లాటిన్ ముక్కలు అతికించి చేసినవి. చైనీస్ కూడా పెద్ద మాటలను ముక్కలు అతికించే చేసుకుంటుంది. చాలా శాస్త్ర పదాలను పశ్చిమ దేశాల మాటలు చూసే కట్టుకున్నారు కాబట్టి ముక్కకు ముక్క సరిపోయేవి ఎన్నో ఉన్నాయి.

వైద్యంతో మొదలుపెట్టండి. చైనీస్‌లో 'యెన్' అంటే వాపు, మంట. రాసేటప్పుడు నిప్పు గుర్తును ఒకదానిమీద ఒకటి రెండుసార్లు వేస్తారు. ఇంగ్లీషులో 'ఐటిస్' చేసే పని అదే. కాలేయం గాన్, కాబట్టి హెపటైటిస్ గాన్‌యెన్. మూత్రపిండం షెన్, కాబట్టి నెఫ్రైటిస్ షెన్‌యెన్. పొట్ట వెయ్, గాస్ట్రైటిస్ వెయ్‌యెన్. చర్మం పీ, డెర్మటైటిస్ పీయెన్. మెనింజైటిస్ అయితే నావ్‌మోయెన్: మెదడు, పొర, వాపు. విద్యార్థికి ఈ వరుస చైనీస్‌లో చిన్నప్పటి నుంచి వచ్చు. ఎడమవైపు ముక్క మారుతుంది, చివరి ముక్క అలాగే ఉంటుంది అన్న సంగతి ఇంగ్లీషులో చూపిస్తే చాలు. హెపటో, నెఫ్రో, గాస్ట్రో, డెర్మటో అనే నాలుగు ముక్కలు వచ్చాయంటే వాటితో కట్టిన మిగతా మాటలన్నీ దారికి వస్తాయి. మీరు చైనాలో మెడిసిన్ చదువుతుంటే ఇది మీకూ లాభమే. ఆసుపత్రిలో రోగి చైనీస్‌లోనే మాట్లాడతాడు కదా, ఒకే కాగితం మీద రెండు పాఠాలు అయిపోతాయి.

తర్వాత 'కాంగ్', అంటే ఎదిరించడం. యాంటీబయాటిక్ కాంగ్‌షెంగ్‌సు: ఎదిరించే, జీవం, పదార్థం. ఇంగ్లీషు మాటను విడగొట్టినా యాంటీ, బయో అవే వస్తాయి. యాంటీబాడీ కాంగ్‌తీ, అక్కడ 'తీ' అంటే శరీరమే. జంతువుల్లో హిప్పోపొటమస్ హెమా. గ్రీకులో గుర్రం, నది. చైనీస్‌లో నది, గుర్రం. డైనోసార్ కోంగ్‌లోంగ్: భయంకరమైన డ్రాగన్. గ్రీకులో భయంకరమైన బల్లి. ఇలాంటి జోడీ ఒకటి చూపించి, ఇంకోటి విద్యార్థినే వెతకమనండి. తను వెతుక్కున్న జోడీ తనకు బాగా గుర్తుంటుంది.

శాస్త్రం దాటి వార్తలు, వ్యాసాల భాషకు వస్తే అన్నిటికంటే ఉపయోగపడే ముక్క 'హువా', అంటే మార్పు చెందించడం. మోడర్నైజేషన్ శియెన్‌దాయ్‌హువా, ఇండస్ట్రియలైజేషన్ గోంగ్‌యెహువా, గ్లోబలైజేషన్ చ్వెన్‌చియుహువా. తెలుగులో మనం ఆధునికీకరణ, పారిశ్రామికీకరణ, ప్రపంచీకరణ అంటాం కాబట్టి ఈ ముక్క ఏం చేస్తుందో మీకు విడమరచి చెప్పనక్కర్లేదు. అలాగే 'జూయీ' ఇంగ్లీషు ఇజమ్. 'శ్యుయె' ఇంగ్లీషు ఆలజీ: సైకాలజీ శిన్‌లీశ్యుయె, బయాలజీ షెంగ్‌వుశ్యుయె. 'ఛావ్' అంటే మించినది: సూపర్‌మార్కెట్ ఛావ్‌షి, అల్ట్రాసౌండ్ ఛావ్‌షెంగ్‌బో. 'యూ' అంటే ముందుగా: ప్రిడిక్ట్ యూత్స, ప్రివెంట్ యూఫాంగ్.

ఒక చోట జాగ్రత్తగా ఉండాలి. 'కె' అనే ముక్క ఏబుల్ చేసే పని చేస్తుంది, కానీ మాటకు ముందు వస్తుంది. రిలయబిలిటీ కెకావ్‌శింగ్. ఇంగ్లీషులో ఏబుల్, ఇటీ రెండూ వెనకే అతుక్కుంటాయి, చైనీస్‌లో ఒకటి ముందు, ఒకటి వెనక. సస్టైనబుల్ కెఛిశు. విద్యార్థి చేత రెండు భాషల మాటలను రంగు పెన్సిళ్లతో విడగొట్టించండి, ఒకే అర్థమున్న ముక్కలకు ఒకే రంగు. రంగుల వరుస మారడం కళ్లకు కనిపిస్తే మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

ముక్కలు ఎప్పుడూ నిజం చెబుతాయని మాత్రం నమ్మించకండి. 'ప్రెటీ'లో ఉన్న ప్రి ముందుగా అని చెప్పదు. ముక్కలతో అర్థం ఊహించాలి, తర్వాత డిక్షనరీతో సరిచూసుకోవాలి, ఈ వరుస తప్పకూడదు.

ఒక మాట కాదు, కుటుంబం నేర్పండి

చైనీస్‌లో 'ఛెంగ్‌గోంగ్' అంటే విజయం. 'గెలిచాడు' అనడానికీ, 'విజయవంతమైన' అనడానికీ అదే మాట, రూపం మారదు. అందుకే వచ్చే ఏడాది నెగ్గుతాను అనబోయి 'ఐ విల్ సక్సెస్' అని రాస్తారు. ఇది అజాగ్రత్త కాదు, సొంత భాష అలవాటు. క్రియ, నామవాచకం, విశేషణం, క్రియావిశేషణం అనే తేడా వాళ్ల భాషలో మాట చివర కనిపించదు కాబట్టి ఇంగ్లీషు మాట చివరిభాగాన్ని కళ్లు దాటేస్తాయి.

దీనికి మందు నాలుగు గడుల పట్టిక. అనలైజ్, అనాలిసిస్, అనలిటికల్, అనలిటికల్లీ. ప్రతి కొత్త మాటకు నాలుగు గడులూ నింపాలి, రూపం లేని గడిలో గీత పెట్టాలి. ఏ మాటలు ఎంచుకోవాలి అనే టెన్షన్ మీకు అక్కర్లేదు. భాషా పరిశోధకురాలు ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన అకాడమిక్ వర్డ్ లిస్ట్‌లో 570 పదకుటుంబాలు ఉన్నాయి. ఎక్కువగా వాడేవి ముందు వచ్చేలా పది భాగాలు చేశారు. మొదటి తొమ్మిదింటిలో అరవైచొప్పున, చివరిదానిలో ముప్పై. యూనివర్సిటీ పుస్తకాల్లో ప్రతి పది మాటల్లో దాదాపు ఒకటి ఈ కుటుంబాలదే. నెలకు ఒక భాగం పూర్తిచేయండి, అది నెమ్మది అనిపించినా సరే.

పట్టిక నింపాక ఒకే సంగతిని రెండు రూపాలతో చెప్పించండి. "వాళ్లు సమాచారాన్ని విశ్లేషించారు" ఒకసారి, "వాళ్ల విశ్లేషణలో తేలింది" ఇంకోసారి. పట్టిక ఒక్కటే నింపి ఊరుకుంటే అది ఇంకో లిస్టు అవుతుంది.

ఇరుగుపొరుగు మాటలు

చైనా విద్యార్థుల ఇంగ్లీషు కృతకంగా వినిపించేది ఎక్కువగా ఇక్కడే. చైనీస్‌లో జ్ఞానాన్ని 'నేర్చుకుంటారు', కాబట్టి లెర్న్ నాలెడ్జ్ అని రాస్తారు. ఇంగ్లీషులో గెయిన్ లేదా అక్వైర్ రావాలి. మందు 'తింటారు', కాబట్టి ఈట్ మెడిసిన్. దీపం 'తెరుస్తారు', కాబట్టి ఓపెన్ ద లైట్. మనం లైటు 'వేస్తాం', ఇంగ్లీషులో టర్న్ ఆన్ చేస్తారు. ట్రాఫిక్ వాళ్లకు 'కిక్కిరిసి' ఉంటుంది, ఇంగ్లీషులో హెవీగా ఉంటుంది. ఎర్ర టీ అని వాళ్లు పిలిచేది ఇంగ్లీషులో బ్లాక్ టీ, ఎర్ర చక్కెర బ్రౌన్ షుగర్.

ఇంత చిన్న మాటల్లోనే ఇలా ఉంటే పెద్ద మాటల్లో సంగతి ఊహించండి. మిటిగేట్ అంటే తగ్గించు అని పుస్తకంలో చదివి, మిటిగేట్ ద ప్రైస్ అని రాసేస్తారు. ఆ మాట పక్కన రిస్క్, ఇంపాక్ట్, డ్యామేజ్ లాంటివే వస్తాయి, ధర రాదు. ముదరబెట్టు అనే అర్థమున్న ఎగ్జాసర్బేట్ పక్కన ప్రాబ్లమ్, టెన్షన్, షార్టేజ్ లాంటి చెడ్డవే ఉంటాయి. మంచిదాన్ని ఎవరూ ఎగ్జాసర్బేట్ చేయరు. చివరికి కాజ్ అనే మామూలు క్రియ కూడా నష్టం, ఆలస్యం, గొడవ లాంటివాటితోనే ఎక్కువగా తిరుగుతుంది.

చేయాల్సింది ఇది: ప్రతి పెద్ద మాటకు మూడు పొరుగు మాటలు రాయించండి. అది ఎవరు చేస్తారు, దేన్ని చేస్తారు, ఎంతగా చేస్తారు. ఇవి మీ తల్లోంచి తీసి ఇవ్వకండి. మన ఇంగ్లీషులోనూ తెలుగు వాసన ఉంటుంది, మీకు సహజంగా అనిపించింది అక్కడ సహజం కాకపోవచ్చు. లాంగ్‌మన్ లేదా ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ తెరిచి ఉదాహరణ వాక్యాలు చూడండి. లాంగ్‌మన్ కంటెంపరరీ డిక్షనరీలో అర్థాలన్నీ సుమారు 2,000 తేలిక మాటలతోనే ఇస్తారు, సీఈటీ-4 దాటినవాళ్లకు అది హాయిగా అర్థమవుతుంది. ఫోన్‌లో చైనీస్ అర్థం మాత్రమే చూపే యాప్ దగ్గర ఆగిపోకుండా ఈ అలవాటు చేయించగలిగితే మీ శ్రమలో సగం ఫలించినట్టే.

ఇంకో సంగతి. పెద్ద మాటలంటే లాటిన్ మాటలే అని చైనా విద్యార్థులు గట్టిగా నమ్ముతారు, మనవాళ్లూ తక్కువేం కాదు. ఇన్వెస్టిగేట్ రాయగలరు, లుక్ ఇంటు రాయరు. టాలరేట్ వచ్చు, పుట్ అప్ విత్ రాదు. ఆఫీసులో, హాస్టల్లో అమెరికన్లు మాట్లాడేది ఎక్కువగా రెండో రకం. వారానికి అయిదు ఇలాంటి జంట క్రియలను కూడా పాఠంలో కలపండి.

మాటలోని మంచిచెడులు

డిక్షనరీ అర్థం సరిపోయినా మాటలోని రుచి వేరుగా ఉండే సందర్భాలు ఇవి. శ్వెన్‌ఛువాన్ అంటే ప్రచారం. చైనీస్‌లో అందులో చెడు ఏమీ లేదు, ఆరోగ్య ప్రచారం కూడా అదే మాట. పాత డిక్షనరీలు దానికి ప్రోపగాండా అని ఇచ్చాయి. ఇంగ్లీషులో ఆ మాట వినగానే అబద్ధాల ప్రచారం గుర్తొస్తుంది. చైనా కమ్యూనిస్టు పార్టీ ఆ శాఖ పేరును ఇంగ్లీషులో పబ్లిసిటీ డిపార్ట్‌మెంట్ అని రాయడానికి కారణం అదే. ఇక యెశిన్. యాంబిషన్‌కు ఇచ్చే అర్థాల్లో ఇదొకటి, కానీ చైనీస్‌లో అది అధికార దాహం లాంటి మాట. అందుకే ఉద్యోగానికి రాసే లేఖలో యాంబిషస్ అని తమ గురించి రాసుకోవడానికి కొందరు వెనకాడతారు. అమెరికాలో అది మెచ్చుకోలు. జియావ్‌ఆవ్ అనే మాట గర్వానికీ, పొగరుకూ రెండిటికీ నడుస్తుంది.

ఇలాంటి మాటలను ఒక్కో కార్డు మీద రాయించి, పక్కన కూడిక గుర్తో, తీసివేత గుర్తో వేయించండి. రెండు భాషలకూ విడివిడిగా వేయాలి. గుర్తులు కలవని మాటల దగ్గర కాసేపు మాట్లాడుకోండి. నేర్చుకునేవాళ్లకే కాదు, మీకూ చైనా గురించి చాలా తెలుస్తుంది.

చెవి, నోరు

చైనా ప్రామాణిక భాష మాండరిన్‌లో అక్షరం చివర న్, ంగ్, ర్ తప్ప వేరే హల్లు ఉండదు. అందుకే స్ట్రెంగ్త్స్ లాంటి మాటలు వాళ్లకు పెద్ద పరీక్ష. అయితే పెద్ద మాటల్లో అంతకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఊనిక. ఫోటోగ్రాఫ్‌లో మొదటి అక్షరం మీద బలం, ఫోటోగ్రఫీలో రెండోదాని మీద, ఫోటోగ్రాఫిక్‌లో మూడోదాని మీద. బలం తప్పితే విన్నవాళ్లకు మాటే అర్థం కాదు.

ఇక్కడా వాళ్ల భాష సాయం చేస్తుంది. మాండరిన్‌లో చింగ్‌షెంగ్ అని ఒకటి ఉంది, స్వరం లేకుండా తేలిగ్గా, పొట్టిగా పలికే అక్షరం. అమ్మను 'మామా' అని పిలిచేటప్పుడు రెండో అక్షరం అలాగే పలుకుతారు. "ఇంగ్లీషులో బలం లేని అక్షరాలను చింగ్‌షెంగ్‌లా పలుకు, బలమున్నదాన్ని కాస్త సాగదీసి ఎత్తుగా పలుకు" అని చెప్పండి. పేజీలకొద్దీ సూత్రాల కంటే ఈ ఒక్క సూచన ఎక్కువ పనిచేస్తుంది. తెలుగులో కూడా అలాంటి ఊనిక లేదు కాబట్టి మీ ఉచ్చారణను కొలతగా పెట్టకండి. డిక్షనరీ ఆడియో ఇద్దరూ కలిసి వినండి, ఇద్దరూ అనండి.

చైనాలో శియెయిన్ అనే బట్టీ చిట్కా బాగా వాడుకలో ఉంది. ఇంగ్లీషు మాట శబ్దానికి దగ్గరగా ఉండే చైనీస్ వాక్యం కడతారు. యాంబులెన్స్‌కు 'ఆన్ బు నెంగ్ సి', అంటే "నేను చావకూడదు". పెస్ట్‌కు 'పాయ్ సి తా', "కొట్టి చంపు దాన్ని". నవ్వొస్తుంది, గుర్తుంటుంది. కానీ పలుకుబడి అలాగే స్థిరపడిపోతుంది. ఒకటి రెండు మొండి మాటలకు వాడుకోనివ్వండి, అలవాటుగా మారనివ్వకండి.

మళ్లీ మళ్లీ చూసే ఏర్పాటు

హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లో మరుపు మీద రాసిన సంగతులు చైనాలో పదాలు బట్టీపట్టే ప్రతివాళ్లకూ తెలుసు. బైత్సజాన్, మోమో లాంటి యాప్‌లు ఆ పేరు చెప్పుకుంటాయి. రోజూ తెరిచినట్టు డాకా, అంటే హాజరు వేస్తారు. క్రమశిక్షణకు అది మంచిదే, మానిపించకండి. లోపం ఒకటే: బొమ్మల్లోంచో, నాలుగు జవాబుల్లోంచో ఒకటి ఎంచుకోవడం గుర్తుపట్టడానికి సరిపోతుంది, వాడడానికి సరిపోదు.

కాబట్టి పక్కనే యాంకీ అనే కార్డుల యాప్‌లోనో, కాగితం ముక్కల మీదో వేరే కార్డులు పెట్టించండి. ముందువైపు ఖాళీ ఉన్న ఇంగ్లీషు వాక్యం, దాని కింద చైనీస్‌లో చిన్న సూచన. వెనకవైపు మాట, కుటుంబం, మూడు పొరుగు మాటలు, బలం ఏ అక్షరం మీదో ఒక గీత. జవాబు పైకి పలికాకే కార్డు తిప్పాలి. మర్నాడు ఒకసారి, మూడు రోజులకు, వారానికి, రెండు వారాలకు, నెలకు చూడాలి. తప్పితే మళ్లీ మొదటి నుంచి. రోజుకు పది మాటలు చాలు. వంద చేస్తానని విద్యార్థి పట్టుబడతారు, వినకండి. వందైతే పొరుగు మాటలు రాసే తీరిక ఎక్కడిది?

చదివించడం, రాయించడం

చైనా పీజీ ప్రవేశ పరీక్షల్లో ద ఎకానమిస్ట్ లాంటి పత్రికల వ్యాసాలు తరచుగా వస్తాయి, అందుకని చాలామంది నేరుగా దాన్ని పట్టుకుంటారు. సీఈటీ-6 అప్పుడే దాటినవాళ్లకు అది బరువు. ఏదైనా పేజీలో వంద మాటలు లెక్కపెట్టండి. తెలియనివి రెండు మూడు ఉంటే చదవొచ్చు, అయిదు దాటితే కొన్నాళ్లు పక్కన పెట్టండి. మొదట విషయం తెలిసినవి చదివించండి. షాంఘై నుంచి వచ్చే సిక్స్త్ టోన్ చైనా జనజీవితం మీద ఇంగ్లీషులో రాస్తుంది. ఊళ్లు, స్కూళ్లు, ఉద్యోగాలు అన్నీ తెలిసినవే కాబట్టి తెలియని మాట అర్థం సందర్భంలోంచే తోస్తుంది.

రాయించేటప్పుడు మొదటి వాక్యం మీద కన్నేసి ఉంచండి. "సమాజం అభివృద్ధి చెందుతున్న కొద్దీ" అని మొదలయ్యే వ్యాసం చైనా పరీక్షల్లో అరిగిపోయిన దారి. దాన్ని కొట్టేసి, రెండో వాక్యం నుంచి మొదలుపెట్టమనండి. తర్వాత ఎంత బరువైన మాట పెడితే అంత మంచి రాత అనే నమ్మకాన్ని నెమ్మదిగా సడలించండి. నాలుగక్షరాల నానుడులు పొదిగితే మెచ్చుకునే సంప్రదాయంలో పెరిగినవాళ్లు, వాళ్లకు అది సహజం. పేరాకు రెండే పెద్ద మాటలు, అవీ ఆ వారం కార్డుల్లో ఉన్నవే అని నియమం పెట్టండి. అదే పేరాను స్నేహితుడికి వీచాట్‌లో పంపేలా ఇంకోసారి రాయించండి. ఏ మాట ఏ చోట ఇముడుతుందో రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

తప్పులన్నీ ఒకేసారి దిద్దకండి. ఈ వారం పొరుగు మాటలు అనుకుంటే అవే దిద్దండి, ఆర్టికల్స్ జోలికి పోకండి. "అర్థమైందా?" అని అడగొద్దు, అయిందనే అంటారు, మన క్లాసుల్లోనూ అంతే. "దీంతో ఒకటి చెప్పు" అనండి.

పరీక్ష దగ్గరుంటే

సీఈటీ జూన్‌లో, డిసెంబర్‌లో జరుగుతుంది. మొత్తం 710 మార్కులు, సీఈటీ-6 రాయాలంటే సీఈటీ-4లో 425 కావాలి. రెండు నెలల ముందు కొత్త మాటలు ఆపేసి పాత ప్రశ్నపత్రాల్లోని మాటలకే పొరుగు మాటలు రాయించండి. ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లకు స్పీకింగ్, రైటింగ్ రెండింటిలో నాలుగో వంతు మార్కులు పదసంపదకే. ఏడు బ్యాండ్ వివరణలో పొరుగు మాటల ప్రస్తావన ఉంది, అది చూపిస్తే ఈ పద్ధతి మీద నమ్మకం కుదురుతుంది. జీఆర్‌ఈ కోసం అన్నగారో అక్కగారో ఇచ్చిన పాత పదాల పుస్తకం పట్టుకొస్తే, 2011లోనే వ్యతిరేక పదాల ప్రశ్నలు, అనాలజీలు తీసేశారని చెప్పండి. ఇప్పుడు వచ్చేవి వాక్యంలో ఖాళీలు పూరించేవి, పేరా చదివి జవాబు చెప్పేవి. వాక్యం లేకుండా మాట ఒక్కటే నేర్చుకోవడం అక్కడా అంతగా అక్కరకు రాదు.

నెలాఖరున మొదటి రోజు పెట్టిన రెండో పరీక్ష మళ్లీ పెట్టండి. ఆ నెల కార్డుల్లోంచి ఇరవై తీసి, వాక్యాలు రాయించండి. ఈసారి మూడు చూడండి: రూపం సరిపోయిందా, పొరుగు మాట సరిపోయిందా, పైకి చదివితే బలం సరైన చోట పడిందా. మూడూ సరిపోయిన కార్డును పక్కన పెట్టండి. ఒక్కటి తప్పినా అది వచ్చే నెల కార్డుల్లోకి వెళుతుంది, దాని స్థానంలో ఒక కొత్త మాట తగ్గించాలి. తర్వాత కాగితం తిప్పి, మీకు ఆ నెల నేర్పిన చైనీస్ మాటల్లోంచి ఇరవై ఏరమని మీ యూబాన్‌ను అడగండి.